పట్టీ గౌనులో అంగుళంన్నర

1968 మార్చి 11, సోమవారం. నడుము ఇరవై ఆరు అంగుళాలు.

కటింగ్ మాస్టరు తన పొడుగు పుస్తకంలో ఆ అంకె వేసి, కింద రెండు గీతలు గీసి, పెన్సిలు చెవి వెనక దోపుకున్నాడు. బట్టల కర్మాగారంలో రెండో అంతస్తు, కిటికీల వరుస పక్కన కత్తిరింపు బల్ల. దాని ముందు ఆ ఉదయం పన్నెండు మంది అమ్మాయిలు నిలబడ్డారు. యజమాని ఆడవాళ్ళ కోసం కొత్త గౌను తేదలచాడు: మెడకు కాలరు, ముందు నడుము దాకా ఏడు బొత్తాలు, నడుము చుట్టూ అదే గుడ్డతో పట్టీ, పట్టీ కింద పిక్కల దాకా కుచ్చులు, పక్క కుట్లలో దాగిన రెండు జేబులు. ఆఫీసుకు వెళ్ళే పిల్లకూ, పిల్లల్ని బడి నుంచి తెచ్చుకునే తల్లికీ ఒకే గౌను నప్పాలని ఆయన పట్టు. దాన్ని ఎవరి ఒంటి మీద కత్తిరించాలో తేలాలి. ఛాతీ ముప్పై నాలుగు, తుంటి ముప్పై ఏడు, నడుము ఇరవై ఆరు ఉన్న మనిషి కావాలన్నాడు. మొదటి రెండు అంకెలూ కలిసినవాళ్ళు దొరికారు. మూడోది ఎవరికీ కలవలేదు. తొమ్మిదో అమ్మాయి వంతు వచ్చినప్పుడు టేపు పట్టుకున్న పిల్ల ఒక్క క్షణం ఆగి, "ఇరవై ఆరు" అని చదివింది.

టేపు మీద ఉన్నది ఇరవై ఏడున్నర.

చదివిన పిల్లకు ఇరవై ఒక్క ఏళ్ళు. అప్పటికి ఆమె మాస్టరు దగ్గర పని నేర్చుకుంటున్న సహాయకురాలు మాత్రమే. తర్వాత ఊరంతా ఆమెను కత్తెరమ్మ అంది. తొమ్మిదో అమ్మాయి ఆమె సొంత చెల్లెలు, పద్దెనిమిదేళ్ళది. గోదాములో పెట్టె మీద పడి తండ్రి కాలు నుజ్జయి అప్పటికి మూడు నెలలు. నమూనాకు నిలబడే ఉద్యోగం వస్తే చెల్లెలు ఇటుకల బట్టీకి వెళ్ళక్కర్లేదు. కత్తెరమ్మ ఆలోచించింది అంతే. ఆ పనిలో ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. రాసేవాడు టేపు వైపు చూడడు. చెల్లెలు చేతులు పక్కకు చాచి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. అక్క ఏ అంకె చదివితే తన అంకె అదే అనుకుంది. యాభై ఒక్క ఏళ్ళు అలాగే అనుకుంది.

అసలు పాపం ఆ రోజుది కాదని కత్తెరమ్మ తర్వాత తనలో తాను వాదించుకునేది. ఆ రోజుది ఆకలి భయం. పాపం నెల తర్వాతది.

నెల తర్వాత మొదటి గౌను కుట్టి తెచ్చారు. భుజాలు అతికినట్టు కూర్చున్నాయి, ఛాతీ సరిపోయింది, నడుము దగ్గర చివరి రెండు బొత్తాలు కాజాలకు అందలేదు. మాస్టరు పుస్తకం తిరగేశాడు. అంకె అక్కడే ఉంది, రెండు గీతలతో సహా.

"ఏమ్మా, నెల్లాళ్ళలోనే బాగా ఒళ్ళు చేశావే" అన్నాడు.

చెల్లెలి మొహం పాలిపోయింది. "లేదు మాస్టారూ, నేనేం తిన్నాను" అంటూ అక్క వైపు చూసింది.

టేపు కత్తెరమ్మ మెడలోనే వేలాడుతోంది. ఇంకోసారి కొలిస్తే బండారం బయటపడుతుంది. ఆమె నవ్వు తెచ్చిపెట్టుకుంది. "దీనికి తిండి చూస్తే ఆగదు మాస్టారూ. పదిహేను రోజులు టైమివ్వండి, దీని సంగతి నేను చూసుకుంటాను."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. కాజాలు కుట్టే ఆవిడైతే, "ఆ పిల్లని నా దగ్గర వదలండి, మా అత్తగారి చేతి వంట పెడితే వారంలో చీపురుపుల్ల అవుతుంది" అని ఇంకో వాయి నవ్వించింది. చెల్లెలూ నవ్వింది, సిగ్గుతో.

ఇంటికి వెళ్ళే దారిలో కత్తెరమ్మ చెప్పింది: "రాత్రి తిండి మానెయ్. ఓ గ్లాసుడు పాలు తాగు, చాలు."

"ఆకలేస్తే?"

"నీళ్ళు తాగు. ఒళ్ళు అదుపులో పెట్టుకోలేనిదానివి ఉద్యోగం ఏం నిలబెట్టుకుంటావే?"

పదిహేనో రోజున బొత్తాలన్నీ పట్టాయి. మాస్టరు భేష్ అన్నాడు. అలా కత్తెరమ్మ చెప్పిన అబద్ధాన్ని చెల్లెలు కడుపు మాడ్చుకుని నిజం చేసింది. పదిహేను రోజులన్న మాటను అక్క ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదు, చెల్లెలు ఎప్పుడూ గుర్తు చేయలేదు. గౌను ఆమె ఒంటి మీద తయారైనది గనక, ఆమె ఒళ్ళు కూడా గౌను మాట వినాలని ఆ ఇంట్లో స్థిరపడిపోయింది. కర్మాగారంలో ఆమె పేరు "రెండో నంబరు" అయింది, ఎందుకంటే ఆ కొలతలే రెండో సైజు.

కర్మాగారంలో ఒక పద్ధతి ఉంది. ఏ కొత్త గౌనుకూ, గుడ్డ మీద పరచి కత్తిరించే అట్టను మొదటి నుంచి గీయరు. పాత అట్టను కొత్త అట్ట మీద పరచి, చుట్టూ పెన్సిలు తిప్పి, ఆ గీత దగ్గర నుంచి పెంచడమో తగ్గించడమో చేస్తారు. అన్నింటికీ తల్లి ఒకటుంటుంది. దాన్ని మూల అట్ట అంటారు. మిగతా నాలుగు సైజులూ దాని నుంచే లెక్కగట్టి తీస్తారు. అందువల్ల ఒక పిల్ల నోట జారిన అంగుళంన్నర అయిదు సైజుల్లోకీ పాకింది. 1969లో గౌను దుకాణాల్లోకి వచ్చింది. నెల తిరక్కుండా "పట్టీ గౌను" అన్న పేరు దానంతటదే పుట్టింది.

దుకాణంలో అద్దం ముందు నిలబడిన ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి చివరి రెండు బొత్తాలతో కుస్తీ పట్టేవారు. అమ్మేవాడు మర్యాదస్తుడు. "గౌను కొలత సరిగ్గానే ఉందమ్మా, మీకే కాస్త..." అని అక్కడ ఆగేవాడు. ఆ ఆగిన చోటును ఆడవాళ్ళు తమంతట తాము పూరించుకునేవారు. కొందరు పై సైజు తీసుకుని భుజాలు జారిపోతుంటే సర్దుకునేవారు. కొందరు చివరి బొత్తాలు విప్పి పట్టీతో కప్పేసేవారు. గౌనును తప్పుపట్టిన మనిషి కత్తెరమ్మకు ఒక్కరు కూడా తగల్లేదు. వాళ్ళు ఎంత సులువుగా తమ ఒంటినే తప్పుపట్టుకుంటారో ఆమె చూస్తూనే ఉంది.

ఆమె చేయగలిగింది ఒకటుంది. సాయంత్రాలు ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని, ఎవరు పట్టీ గౌను తెచ్చినా నడుము కుట్లు విప్పి వదులు చేసిచ్చేది, ఊరికే. "నీలాంటి మనిషి ఉండదమ్మా" అని వాళ్ళు దీవిస్తుంటే ఆమె తల వంచుకుని దారం కొరికేది.

డెబ్భైల్లో కుచ్చులు పోయాయి. పిక్కల దగ్గరున్న అంచు మోకాళ్ళు దాటి పైకెక్కింది. నాలుగు గజాల గుడ్డ పట్టే చోట రెండున్నర సరిపోయింది. ఇస్త్రీ అక్కర్లేని జారుడు బట్ట వచ్చింది. కాలరు కుక్క చెవుల్లా పొడుగు సాగింది. నడుము గీత మాత్రం మూల అట్ట మీద ఉన్నదే. ఎనభైల్లో భుజాల్లో దూది మెత్తలు దూరాయి, చేతులు బుడగల్లా ఉబ్బాయి, పట్టీ జానెడు వెడల్పై పెద్ద బకిలు తగిలించుకుంది. భుజాలు అంత పెరిగేసరికి నడుము మరీ సన్నగా కనబడింది, యజమాని మురిసిపోయాడు.

1984లో మాస్టరు తప్పుకుని ఆ కుర్చీ కత్తెరమ్మకు వచ్చింది. మొదటి రోజు అందరూ టీకి వెళ్ళాక ఆమె మూల అట్టను బల్ల మీద పరచింది. పెన్సిలు తీసుకుంది. ఇటు ముప్పావు అంగుళం, అటు ముప్పావు అంగుళం, అంతే పని. గీత గీయబోతుంటే చెల్లెలు లోపలికొచ్చింది. అప్పటికి ఆమె భర్త పోయి రెండేళ్ళు, పెంచాల్సిన ఆరేళ్ళ కూతురు.

"కొత్త మాస్టరుగారు అప్పుడే కొంపలు ముంచే పని మొదలెట్టారా?" అంది చెల్లెలు నవ్వుతూ.

"నడుము కాస్త వదులు చేద్దామా అని."

"ఎందుకూ? నా ఒంటికి అచ్చుగుద్దినట్టుంది కదా. పదహారేళ్ళుగా ఒక్క పోగు అటూ ఇటూ కాలేదు." నడుము మీద రెండు చేతులూ వేసుకుని నిలబడింది. "అక్కా, నాకు చదువు లేదు, ఆయనా లేడు. కానీ ఈ ఊళ్ళో ఆడవాళ్ళంతా తొడుక్కునేది నా కొలత. అది చాల్లే."

కొత్త అట్టతో కుట్టిన గౌనును తొడిగి చూడాల్సింది చెల్లెలి ఒంటికే. ఆకలితో ఇరవై ఆరైన నడుము మీద అది వదులుగా వేలాడుతుంది. ఎందుకని నలుగురూ అడుగుతారు. కత్తెరమ్మ అట్టను చుట్టి బీరువాలో పెట్టేసింది. ఆ రోజు ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. అధికారం చేతిలో ఉండి, పెన్సిలు చేతిలో ఉండి గీయలేదు. 

తొంభైల్లో నడుమే లేని పట్టీ గౌను వచ్చింది. భుజాల నుంచి మోకాళ్ళ దాకా సంచిలా దిగేది, పట్టీ వెనక ముడికి మాత్రమే. ఆ మోజు నడిచిన నాలుగేళ్ళూ కత్తెరమ్మ కంటి నిండా నిద్రపోయింది. తర్వాత సాగే బట్ట వచ్చి, వెనక ఇలాస్టిక్ వచ్చి, గుడ్డ కలిసొస్తుందని జేబులు ఎగిరిపోయాయి. 2007లో ఆమె ఉద్యోగం మానింది. చెల్లెలు అంతకు రెండేళ్ళ ముందే మానింది, రాత్రి తిండి మానడం మాత్రం మానలేదు.

2019లో పాత గౌను మళ్ళీ మోజైంది. కాలరు, ఏడు బొత్తాలు, కుచ్చులు, జేబులు, అన్నీ తిరిగొచ్చాయి. గౌనుకు యాభై ఏళ్ళు నిండాయని కర్మాగారం ముందు హాల్లో ఒక్కో దశాబ్దానికి ఒక్కో గౌనును స్టాండుకు తొడిగి నిలబెట్టాలనుకున్నారు. అట్టలన్నీ ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కిస్తున్న అమ్మాయి ఒకర్తి అక్కాచెల్లెళ్ళిద్దరినీ వెతుక్కుంటూ వచ్చింది. కత్తెరమ్మ మూల అట్ట వివరాలు చెప్పాలి. చెల్లెలు మొట్టమొదటి గౌను తొడుక్కుని ఆ వరుస మధ్యలో ఫోటోకు నిలబడాలి.

"ఈ వయసులో నాకా గౌను పడుతుందా?" అంది చెల్లెలు.

"పట్టకపోతే వెనక పిన్నులు పెడదాం అమ్మమ్మా, ఫోటోలో కనబడదు."

"పిన్నులా?" చెల్లెలు ఆ మాటకు నొచ్చుకుంది. "ఇంకా ఇరవై రోజులుందిగా. అక్కర్లేదు."



పదో రోజున చెల్లెలి కూతురు ఫోను చేసింది. "పెద్దమ్మా, నువ్వైనా గట్టిగా చెప్పు. పొద్దున సగం రొట్టె, మధ్యాహ్నం అరటిపండు. అంతే. నేనేమన్నా అంటే, నీకేం తెలుసే, మీ పెద్దమ్మ నాకు నేర్పిన విద్య ఇది అంటోంది."

కత్తెరమ్మ వెళ్ళింది. రెండు వీధుల దూరం. చెల్లెలు వంటగదిలో స్టూలు మీద కూర్చుని ఉంది, కళ్ళ కింద నల్లగా.

"ఏంటే ఇది? అరవై తొమ్మిదేళ్ళొచ్చాయి."

"నువ్వే అన్నావుగా, ఒళ్ళు అదుపులో పెట్టుకోలేనిదానివని."

"ఎప్పుడో అన్నాను."

"నాకు నిన్నే అన్నట్టుంది." చెల్లెలు నవ్వింది. "ముప్పై నుంచి ఇరవై ఎనిమిదిన్నరకి దింపాను, తెలుసా?"

ఆ రోజు చెప్పాల్సింది.  కాస్త పాలైనా తాగు అని, తాగేదాకా కూర్చుని, పెద్ద ఘనకార్యం చేసినట్టు ఇంటికి వచ్చేసింది.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున చెల్లెలు బాత్రూము గుమ్మంలో కళ్ళు తిరిగి పడింది. ఎడమ మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటోను లైటు ముందు పెట్టి చాలాసేపు చూసింది.

"ఎముకలు బాగా గుల్లబారాయి. మీరు సరిగా తింటారా?"

"తింటాను. రాత్రి మాత్రం తినను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పద్దెనిమిదో ఏటి నుంచి" అంది చెల్లెలు. పతకం చూపించినట్టు అంది.

డాక్టరమ్మ కాగితం మీద పెన్ను ఆపింది. ఒక్క పడిపోవడంతో వచ్చిన నష్టం కాదని, ఏళ్ళ తరబడి పేరుకున్నదని, ఇకనైనా మూడు పూటలూ తినకపోతే ఈసారి తుంటి విరుగుతుందని, అప్పుడు లేవడం ఉండదని నిదానంగా చెప్పింది. కూతురు ఏడ్చింది. కత్తెరమ్మ గోడ పక్కన నిలబడి వింది. ఆస్పత్రి కాగితంలో కారణం అన్న చోట తన పేరు రాయాలి. ఆ సంగతి ఆ గదిలో తనకొక్కదానికే తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం, కూతురు పనికి వెళ్ళిన వేళ, కత్తెరమ్మ చెల్లెలి ఇంటికి వెళ్ళి, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. వారం రోజులుగా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"నీ నడుము ఇరవై ఆరు కాదు."

"తెలుసులే. ఇప్పుడు ఇరవై ఎనిమిది దగ్గరుంది."

"ఇప్పుడు కాదే. అప్పుడు. మాస్టరు రాసుకున్న రోజు. ఇరవై ఏడున్నర ఉంది. నేను ఇరవై ఆరని చదివాను."

చెల్లెలు అర్థం కానట్టు చూసింది. కత్తెరమ్మ ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి గబగబా చెప్పేసింది: వరుసలో తొమ్మిదో మనిషి, ఇటుకల బట్టీ, పట్టని బొత్తాలు. "నువ్వు లావవలేదు. ఒక్క దారప్పోగంత కూడా లావవలేదు. గౌనే తప్పు. తప్పు నాదని తెలుస్తుందని నిన్ను పస్తు పెట్టాను."

 చెల్లెలు కట్టు ఉన్న చెయ్యిని ఒళ్ళో సర్దుకుంది.

"ఉద్యోగం కోసం అబద్ధమాడావు. ఆడితే ఆడావు, నేనైనా ఆడేదాన్నే" అంది. "పదిహేను రోజులన్నావు. పదహారో రోజున వచ్చి తినవే అనడానికి ఏమొచ్చింది?"

"భయం."

"తర్వాత ఏడాది?"

కత్తెరమ్మ దుప్పటి అంచును మడత పెట్టసాగింది.

"నువ్వు మాస్టరువయ్యాక? పెన్సిలు పట్టుకుని నిలబడ్డావు కదా, నేను చూశాను."

"నీ కొలత అని నువ్వంత గొప్పగా చెప్పుకుంటుంటే ఎలా చెప్పనే?"

"ఆహా. నా గొప్ప కోసం ఆగావన్నమాట." చెల్లెలి గొంతు పెరగలేదు, అదే కత్తెరమ్మకు కష్టమైంది. "విను. ఆయన పోయినప్పుడు తట్టుకున్నాను, ఒక్కదాన్నే పిల్లని పెంచాను. ఎలాగని ఎవరైనా అడిగితే నాకు నేను చెప్పుకునేది ఒక్కటే: రోజూ రాత్రి ఆకలిని గెలిచినదాన్ని, నాకిదో లెక్కా అని. నాకున్న పట్టుదలంతా అదే. దాన్నీ నువ్వే కత్తిరించావా?"

కత్తెరమ్మ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. చెల్లెలు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చెప్పకుండా ఉండాల్సింది అనడం లేదు. చెప్పడం మంచిదే. ఇక వెళ్ళు. నాకు పడుకోవాలనుంది."

వీధిలోకి వచ్చాక కత్తెరమ్మకు తేలిక అనిపించలేదు. తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందని ఆమె ఏళ్ళ తరబడి నమ్ముతూ వచ్చింది. దిగింది తన బరువు కాదు, చెల్లెలి కాళ్ళ కింద నేల.

మరుసటి వారం సోమవారం ఆమె కర్మాగారానికి వెళ్ళి కంప్యూటరు అమ్మాయికి అంతా చెప్పింది. అమ్మాయి నిందించలేదు, ఆశ్చర్యపోయింది. తెర మీద నడుము గీతను పట్టుకుని పక్కకు జరిపింది. అయిదు సైజుల గీతలూ దాని వెంట ఒక్కసారిగా కదిలాయి.

"అయిపోయింది అమ్మమ్మా. రెండు నిమిషాల పని. మీ చెల్లెలుగారు ఫోటోకి వస్తారా?"

"రాదు" అంది కత్తెరమ్మ. మొదటి గౌనును ఖాళీ స్టాండుకే తొడిగి ఫోటో తీసుకున్నారు.

మంగళ, బుధ, గురువారాల్లో ఆమె రాత్రి భోజనం వేళకు చెల్లెలి ఇంటికి వెళ్ళింది. మూడు రోజులూ కూతురే తలుపు తీసి, "పడుకుంది పెద్దమ్మా" అంది. శుక్రవారం తలుపు తీశాక లోపలి నుంచి చెల్లెలి గొంతు వినబడింది: "రానీ."

బల్ల మీద మూడు పళ్ళేలు ఉన్నాయి. చెల్లెలు చెంచాతో రెండు ముద్దలు తింది, మూడోది నోట్లోనే ఉండిపోయింది. నీళ్ళతో మింగి, పళ్ళెం పక్కకు జరిపింది.

"మందు మింగినట్టుంది. ఆకలి ఎలా ఉంటుందో మర్చిపోయానక్కా."

 సారీ అనే మాట కత్తెరమ్మకు ఆ బల్ల మీద చెంచా కన్నా చిన్నదిగా తోచింది.

"రేపూ వస్తావా?" అంది చెల్లెలు.

"వస్తాను."

"రా. కానీ నేను తింటుంటే నా వైపు చూడకు. పుట్టి బుద్ధెరిగాక అందరూ నన్ను చూసినవాళ్ళే. చూస్తుంటే గొంతు దిగదు."

శనివారం కత్తెరమ్మ తన కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. ఎదురింటి మేడ మీద ఎవరో ఆరిన బట్టలు తీస్తున్నారు. వెనక చెంచా పళ్ళేనికి తగిలిన చప్పుడు. మళ్ళీ ఒకటి. మూడోది. నాలుగోది ఆలస్యంగా వచ్చింది. తర్వాత చప్పుడు ఆగిపోయింది. అయిదోది వస్తుందో రాదో తెలియకపోయినా, కత్తెరమ్మ వెనక్కి తిరగలేదు.